షూటింగ్ ఆటలు తడబడకుండా ఇంటి నెట్‌ను అమర్చుకోవడం ఎలా

వేసవి సెలవులకు కావలి నుంచి నెల్లూరులోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు ఒక రాత్రి వాలొరెంట్ అనే షూటింగ్ ఆట ఆడుతూ నన్ను గదిలోకి పిలిచి, “మామా, స్పీడ్ టెస్టులో వంద వస్తా ఉండాది, ఆటలో మాత్రం ఆడ ఉండే మనిషి ఉన్నట్టుండి ఈడ తేలతా ఉండాడు, ఏందిది?” అని అడిగాడు. తెర మూలన కదులుతున్న పింగ్ అంకెలను, అంటే ఆటను నడిపించే కంపెనీ కంప్యూటరుకు (సర్వరుకు) మన సంకేతం పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లను చూస్తూ కాసేపు వాడి వెనక నిలబడ్డాను. 38, 41, 39, 40, 212, 39. సగటు తీస్తే ఆ అంకెలు బాగానే కనిపిస్తాయి గానీ, వాడిని ప్రతి రౌండులోనూ పడగొడుతున్నది మధ్యలో వచ్చి పోయే ఆ ఒక్క 212. ఆ వారం రోజుల్లో మేమిద్దరం కలిసి దాని మూలం ఎక్కడుందో వెతికి సరిచేసుకున్న పద్ధతినే, మన జిల్లాల్లో ఇదే ఇబ్బంది పడుతున్న ఇతర పిల్లలకూ పెద్దలకూ ఉపయోగపడుతుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. షూటింగ్ ఆటకు కావలసిన డేటా చాలా తక్కువ. గంటసేపు ఆడినా ఖర్చయ్యేది కొన్ని వందల ఎంబీలకు మించదు కాబట్టి, 40 ఎంబీపీఎస్ ప్లాన్ మీద ఆట తడబడుతుంటే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారినంత మాత్రాన అది కుదుటపడుతుందని ఆశించకూడదు. ఆటకు కావలసినది చిన్న చిన్న డేటా ముక్కలు (ప్యాకెట్లు) క్రమం తప్పకుండా, ఒకే లయలో చేరడం. వాలొరెంట్ సర్వరు సెకనుకు 128 సార్లు ఆటగాళ్ల స్థితిని లెక్కగడుతుంది, అంటే ఒక్కొక్క లెక్కకు 8 మిల్లీసెకన్ల కన్నా కొంచెం తక్కువ సమయం పడుతుంది. కౌంటర్ స్ట్రైక్ 2 సర్వరు సెకనుకు 64 సార్లు ఆ పని చేస్తుంది. అటువంటి చోట ఒక ప్యాకెట్ 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరిందంటే, వాలొరెంట్ సర్వరు వేసే లెక్కలు ఇరవై అయిదుకు పైగా మనం లేకుండానే గడిచిపోయాయన్నమాట. ఎప్పుడూ 60 ఉండే పింగ్‌తో హాయిగా ఆడవచ్చు, ఎందుకంటే చెయ్యి ఆ ఆలస్యానికి అలవాటు పడుతుంది; 35కూ 200కూ మధ్య ఊగే పింగ్‌తో ఎంత నేర్పు ఉన్నా ఆడలేము. ఈ ఊగిసలాటనే జిట్టర్ అంటారు. దారిలో అసలు చేరకుండా పోయిన ప్యాకెట్లను ప్యాకెట్ లాస్ అంటారు.

దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని ఏ సెట్టింగూ తీసివేయలేదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి ముంబైకి గాలిదారిలో దాదాపు 900 కిలోమీటర్లు కాబట్టి, పోను రాను 9 మిల్లీసెకన్లు ఎలాగూ పడతాయి. కేబుళ్లు గీత గీసినట్టు నేరుగా పోవు, చెన్నై మీదుగానో హైదరాబాదు మీదుగానో తిరిగి, నడుమ ఎన్నో యంత్రాలు దాటి పోతాయి. అందువల్ల ముంబైలోని వాలొరెంట్ సర్వరుకు మా ఇంటి నుంచి 35, 40 మధ్య పలుకుతున్నది, అది సహజమే. కౌంటర్ స్ట్రైక్ 2 కు ముంబైతో పాటు చెన్నైలో కూడా సర్వర్లు ఉన్నాయి, నెల్లూరు వారికి అది మంచి సదుపాయం. అయితే కొన్ని కంపెనీల నెట్ నెల్లూరు నుంచి చెన్నైకి నేరుగా పోకుండా చుట్టూ తిరిగి పోతుంది, అప్పుడు పక్క ఊరి సర్వరు కూడా దూరపు సర్వరులాగే కనిపిస్తుంది. ఆటలో సర్వరు ఎంపిక పొరపాటున సింగపూరు మీద ఉండిపోయిందేమో మొట్టమొదట చూసుకోండి, చూసుకోకుండానే రూటరును తిట్టిన వారిని నేను ఎరుగుదును.

అలాగే, తడబాటు నెట్ వల్లనే వస్తున్నదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఆట సెట్టింగుల్లో పింగ్, ప్యాకెట్ లాస్, ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) మూడింటినీ తెర మీద కనిపించేటట్టు పెట్టుకోండి. బొమ్మ ఆగినప్పుడు పింగ్ నిలకడగా ఉండి ఎఫ్‌పీఎస్ పడిపోతుంటే, అది కంప్యూటరు వేడెక్కడం వల్లనో, గ్రాఫిక్స్ భారం వల్లనో వచ్చిన సమస్య. మన వేసవిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఫ్యాను గాలి కింద ల్యాప్‌టాప్ మీద ఆడేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది, దానికి ఈ వ్యాసంలో మందు లేదు.

మూడు చోట్ల కొలవడం

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, జబ్బు ఎక్కడుందో చూడకుండా కనిపించిన సెట్టింగునల్లా మార్చుకుంటూ పోవడం. మన ఇంటి నుంచి సర్వరు దాకా ఉన్న దారిని మూడు ముక్కలుగా చేసుకుని, ఏ ముక్కలో ఆలస్యం పుడుతున్నదో కనిపెడితే, మిగిలిన పని సగానికి సగం తగ్గిపోతుంది.

విండోస్ కంప్యూటరులో స్టార్ట్ నొక్కి సీఎండీ (cmd) అని కొడితే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆజ్ఞ ఇస్తే వచ్చే వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో ఉన్న అంకెలు మీ రూటరు చిరునామా. సాధారణంగా అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. మొదటి కొలత దానికే. పింగ్ (ping) అన్న మాట తరువాత ఒక ఖాళీ వదిలి ఆ చిరునామా, మరొక ఖాళీ తరువాత అడ్డగీతతో ఎన్ అక్షరం (-n), ఇంకొక ఖాళీ తరువాత 300 అని ఇస్తే, సెకనుకు ఒకసారి చొప్పున అయిదు నిమిషాల పాటు కొలుస్తుంది. రెండవ కొలత నెట్ కంపెనీ వారి మొదటి యంత్రానికి. ట్రేసర్ట్ (tracert) అనే ఆజ్ఞకు 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ అందరికీ తెరిచి ఉంచిన సర్వరు చిరునామా) అని జోడించి ఇస్తే దారిలోని మజిలీలన్నీ వరుసగా వస్తాయి. అందులో మొదటిది మీ రూటరు, రెండవది సాధారణంగా కంపెనీ వారిది. మూడవ కొలత బయటి లోకానికి, దానికి 1.1.1.1 గానీ, గూగుల్ వారి 8.8.8.8 గానీ సరిపోతుంది. మూడు నల్ల కిటికీలు పక్కపక్కన తెరిచి మూడింటినీ ఒకేసారి నడిపించడం ముఖ్యం, ఎందుకంటే ఆలస్యం వచ్చిన క్షణంలో అది ఏ కిటికీలో మొదలైందో కంటికి కనిపించాలి.

రూటరు కొలతలోనే అంకెలు ఎగురుతుంటే దోషం ఇంటి లోపల వైఫైలో ఉంది. ల్యాన్ కేబులు మీద అది 1 మిల్లీసెకను లోపు, మంచి వైఫై మీద 2 నుంచి 5 దాకా ఉండాలి. రూటరు నిలకడగా ఉండి రెండవ కిటికీ నుంచి ఎగరడం మొదలైతే, దోషం లైనులోనో, మన ఇంటి రద్దీ లైను మీద పేరుకోవడంలోనో ఉంది. రెండూ నిలకడగా ఉండి మూడవది మాత్రమే ఎగురుతుంటే, అది కంపెనీ వారి లోపలి దారిలోనిది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నడిమి యంత్రాలు కొన్ని పింగ్‌కు జవాబివ్వడాన్ని చివరి పనిగా పెట్టుకుంటాయి, కొన్ని అసలు జవాబే ఇవ్వవు. రెండవ చోట 150 చూపించి, అదే క్షణంలో మూడవ చోట 20 చూపిస్తే ఆ 150ని పట్టించుకోనక్కరలేదు. ఆలస్యం నిజమైనదైతే అక్కడి నుంచి ఆ వైపున్న ప్రతి చోటా కనిపించి తీరుతుంది.

ఈ కొలతను పొద్దున్నే ఒకసారి, రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య ఒకసారి, ఇంట్లో ఎవరైనా వీడియో పంపుతున్నప్పుడు ఒకసారి తీసుకోవాలి. మేము నోటు పుస్తకంలో తేదీ, గంట, మూడు చోట్ల వచ్చిన కనిష్ఠం, గరిష్ఠం, పోయిన ప్యాకెట్ల సంఖ్య రాసిపెట్టుకున్నాము. తరువాత కేబుల్ నెట్ ఆయనతో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ పుస్తకమే మాకు అండగా నిలబడింది.

బీరువా వెనక వైఫై

మా ఇంట్లో మొదటి దోషం రూటరు కిటికీలోనే దొరికింది. ఫైబరు వైరు వీధి గుమ్మం పైనుంచి లోపలికి వస్తుంది కాబట్టి, లైను వేసిన అబ్బాయి మోడెంను గుమ్మం పక్కనే హాల్లో బిగించి వెళ్లాడు. మేనల్లుడు ఆడుకునేది నడిమి గదిలో. ఈ రెండింటికీ మధ్య, మా అమ్మగారి కాలం నాటి ఇనప బీరువా, తలుపుకు నిలువెత్తు అద్దంతో నిలబడి ఉంది. ఇనుము రేడియో తరంగాలను ఆపుతుందని అందరికీ తెలుసు గానీ, అద్దం వెనక పూసిన లోహపు పూత కూడా అదే పని చేస్తుందని చాలామందికి తోచదు. వాడి బల్ల దగ్గర రూటరు పింగ్ 3, 4, 3, 87, 5, 140 అని వస్తున్నది. బల్లను గదిలో ఎదుటి గోడ వైపుకు, బీరువా అడ్డం రాని చోటికి జరిపి మళ్లీ చూస్తే 3, 4, 3, 3, 4. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగం జబ్బు నయమైంది.

అయినా వైఫై వైఫైయే. ఒకే గాలిలో అందరూ వంతులవారీగా మాట్లాడుకోవలసిన పద్ధతి అది, పక్కింటి రూటరు మాట్లాడుతున్నంతసేపు మన రూటరు ఆగాలి. కంప్యూటరు మీద ఆడేవారికి నా గట్టి సలహా ల్యాన్ కేబులు వేసుకోవడమే. క్యాట్ 6 రకం బాగుంటుంది, క్యాట్ 5ఈ కూడా నూరు మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ మోయగలదు కాబట్టి ఇంటికి అదైనా చాలు. మేము పదిహేను మీటర్ల వైరు తెచ్చి, గుమ్మాల చట్రాల వెంట చిన్న క్లిప్పులతో బిగించాము, గోడకు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. ఆ రోజు నుంచి రూటరు కిటికీలో 1 కన్నా పెద్ద అంకె కనిపించలేదు.

కేబులు వేసుకోలేనివారు, ఫోనులో బీజీఎంఐ లాంటివి ఆడేవారు వైఫైని కొంత చక్కబెట్టుకోవాలి. రూటరు పేజీలో (బ్రౌజరులో రూటరు చిరునామా కొడితే తెరుచుకునే సెట్టింగుల పేజీ అది) 2.4 గిగాహెర్ట్జ్ కు ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్ కు మరొక పేరు పెట్టి, ఆడే ఫోనును 5కు మాత్రమే కలపండి. రెండింటికీ ఒకే పేరు ఉంటే ఫోను తనకు తోచినప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి దూకుతుంది, ఆ దూకుడులో ఆట ఒక క్షణం ఆగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చానెల్ 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ పెట్టుకోవడం మేలు. 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్లలో రాడారు అలికిడి వినిపిస్తే రూటరు వెంటనే ఖాళీ చేసి వేరే చోటికి పోవాలన్న నియమం ఉంది, అది ఆట మధ్యలో జరిగితే అందరం ఒకేసారి బయట పడతాము. 2.4 తప్పనిసరైతే 1, 6, 11 చానెళ్లలో పక్కిళ్లవారు తక్కువగా వాడుతున్నదాన్ని ఎంచుకుని, చానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచండి. బ్లూటూత్ కూడా ఆ 2.4 లోనే పని చేస్తుంది. పైగా చాలా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దమే ఆలస్యంగా వినిపిస్తుంది కాబట్టి, అడుగుల చప్పుడు విని తిరగవలసిన ఆటలకు వైరున్న ఇయర్‌ఫోన్లే మంచివి. సరిగ్గా నిమిషానికి ఒకసారి పింగ్ ఎగురుతున్నట్టయితే, ఫోనో కంప్యూటరో చుట్టుపక్కల వైఫైల కోసం వెతుకుతున్నదని అనుమానించి, ఆడుతున్నంతసేపు లొకేషన్ ఆపి చూడండి. రిపీటరు కొనమని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే మామూలు రిపీటరు ఒకే రేడియోతో వినీ, మళ్లీ అదే మాటను తిరిగి చెప్పీ ఆలస్యాన్ని పెంచుతుంది.

టోల్‌గేటు దగ్గర బైకు దారి

రూటరు నిలకడగా ఉన్నా, రాత్రి పూట రెండవ కిటికీ ఎగురుతూనే ఉంది. ఈ రెండవ దోషమే అన్నింటిలోకీ ముఖ్యమైనది, ఎక్కువ ఇళ్లలో ఉన్నది, తక్కువ మందికి తెలిసినది కాబట్టి దీన్ని కాస్త ఓపికగా చదవమని కోరుతున్నాను.

సంక్రాంతికి ముందు రోజుల్లో పదహారో నంబరు జాతీయ రహదారి మీద టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఆగినవారికి ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది. కార్లూ లారీలూ బస్సులూ బారులు తీరి నిలబడి ఉంటాయి. గేటు నిమిషానికి ఎన్ని బండ్లను వదలగలదో అన్నింటినే వదులుతుంది, మిగిలినవి వెనక పేరుకుంటాయి. మన రూటరు దగ్గరా, కంపెనీ వారి పెట్టె దగ్గరా జరిగేది ఇదే. ఇంట్లో ఒకరి ఫోను పెళ్లి వీడియోలను గూగుల్ ఫోటోస్‌కు పంపుతున్నదనుకోండి. అది లైను పట్టినంత వేగంతో డేటాను తోస్తుంది, పట్టనిది రూటరులో బారు తీరుతుంది. మన ఆట ప్యాకెట్టు పిడికెడంతే, అయినా ఆ బారులో ఆఖరున నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగాలి. దీనికే బఫర్‌బ్లోట్ అని పేరు. స్పీడ్ టెస్టులో వంద రావడమూ, ఆట ఆగిపోవడమూ ఒకే ఇంట్లో ఒకేసారి జరగడానికి కారణం ఇదే.

పరీక్ష సులువు. 1.1.1.1 కు పింగ్ నడుస్తుండగా ఒక ఫోను నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. మా ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు 14 ఉన్న పింగ్, అప్‌లోడ్ మొదలైన మూడో సెకనుకు 190 దాటింది. అప్‌లోడ్ ఆపగానే మళ్లీ 14. మేనల్లుడి 212 ఎక్కడి నుంచి వస్తున్నదో అప్పుడు తెలిసింది. ఆ సమయానికి వంటింట్లో మా చెల్లెలి ఫోను, చార్జింగు పెట్టగానే ఆనాటి ఫోటోలన్నీ తనంతట తానే పంపుకుంటున్నది.

టోల్‌గేటు పక్కన బైకులకు విడిగా సన్నని దారి ఉంటుంది కదా. లారీల బారు ఎంత పొడుగున్నా బైకు దాని పక్కనుంచి సాగిపోతుంది. రూటరులో అటువంటి దారి వేసే పద్ధతిని ఎస్‌క్యూఎం అంటారు. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అన్న పేర్లతో కనిపించేవి అందులోని పద్ధతులే. అవి ఒక్కొక్క పరికరం, ఒక్కొక్క సంభాషణ తాలూకు ప్యాకెట్లను వేరు వేరు బారులుగా చేసి, అప్పుడప్పుడు ఒకటి రెండు ప్యాకెట్లు మాత్రమే పంపేవాటిని ముందు వదులుతాయి, భారీగా పంపేవాటిని నెమ్మదించమని సంకేతమిస్తాయి. ఆట ప్యాకెట్లు సహజంగానే మొదటి కోవలోకి వస్తాయి కాబట్టి, ఆట పేరు చెప్పవలసిన అవసరం కూడా ఉండదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు) ఎక్కించుకోగలిగిన రూటర్లలో ఈ సదుపాయం ఉంటుంది, కొన్ని రూటర్లలో కొన్నప్పుడే ఉంటుంది. అమర్చేటప్పుడు డౌన్‌లోడ్‌కూ అప్‌లోడ్‌కూ వేగం ఇవ్వమని అడుగుతుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ప్లాన్‌లో రాసిన 100 కాకుండా, రద్దీ వేళ కేబులు మీద కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతం ఇవ్వాలి. మాకు రాత్రి తొమ్మిదికి 94, 91 వస్తున్నది కాబట్టి రెండింటికీ 80 ఇచ్చాము. ఆ కొంచెం వదులుకోవడం ఎందుకంటే, బారు తీరడం మన అదుపులో లేని కంపెనీ పెట్టెలో కాకుండా మన రూటరులోనే జరగాలి. మన గేటు వారి గేటు కన్నా ఇరుకుగా ఉన్నప్పుడే అది సాధ్యం. పెట్టిన తరువాత అదే అప్‌లోడ్ పరీక్ష మళ్లీ చేస్తే 14 నుంచి 19 దాటలేదు. ఇంకా ఎగురుతుంటే ఆ అంకెను 75కు తగ్గించి చూడాలి.

కంపెనీ ఇచ్చిన మోడెంలో ఇది లేకపోతే, మోడెంను బ్రిడ్జ్ మోడ్‌లో (రూటరు పని మానేసి లైనును మాత్రమే అందించే పద్ధతిలో) పెట్టించి, దాని వెనక సొంత రూటరు పెట్టుకోవచ్చు. దానికి కేబుల్ నెట్ ఆయన సహకారమూ, లాగిన్ పేరూ పాస్‌వర్డూ అవసరం. ముందుగా అడగకుండా మోడెం సెట్టింగులు మార్చకండి, లైను పడిపోతే తిరిగి నిలబెట్టడం కష్టం. కొన్ని రూటర్లలో గేమింగ్ మోడ్ అని ఒక మీట ఉంటుంది. వేగం ఎంతో చెప్పే వీలు లేని గేమింగ్ మోడ్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదని నా అనుభవం.

కొత్త రూటరు కొనే స్తోమత లేనివారు రద్దీని పుట్టినచోటే తగ్గించుకోవాలి. ఫోనుల్లో ఫోటో బ్యాకప్‌ను ఆట వేళల్లో ఆపాలి. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అన్న చోట ఇతర కంప్యూటర్లకు అప్‌డేట్లు పంపే సదుపాయాన్ని తీసివేయాలి. ఆటలు కొని దించుకునే స్టీమ్‌లో డౌన్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టి, అప్‌డేట్లు తెల్లవారుజామున జరిగేటట్టు గంటలు ఇవ్వాలి. వాకిట్లో సీసీ కెమెరాలు పెట్టుకున్నవారు అవి రోజంతా ఇంటర్నెట్‌కు దృశ్యం పంపుతున్నాయా, మెమరీ కార్డులో దాచుకుంటున్నాయా అన్నది తప్పక చూసుకోవాలి.

లైను, కరెంటు

ఇంట్లో అంతా ఆపి, కేబులు మీద కొలిచినా రెండవ కిటికీలో ప్యాకెట్లు పోతుంటే, ఫైబరును చూడాలి. మోడెం పేజీలో ఆప్టికల్ సమాచారం అన్నచోట ఆర్‌ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. అది మైనస్ అంకె. సున్నాకు ఎంత దూరమైతే వెలుతురు అంత తక్కువ. మైనస్ 20, 24 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 27కు చేరుకుంటున్నదంటే ఆ పెట్టె చదవగలిగిన అంచుకు వచ్చినట్టే. నా స్నేహితుడి ఇంట్లో మైనస్ 27.4 చూపిస్తుండగా, లైను చూసే ఆయన ఫోనులోనే “మా వైపు అంతా బాగుంది” అని చెప్పి ఊరుకున్నాడు. వెతికితే టీవీ వెనక మిగులు వైరును ఒక మేకుకు బిగించి చుట్టి ఉంది. గాజు తీగను అంత ఇరుగ్గా వంచితే వెలుతురు మలుపులోనే బయటికి కారిపోతుంది. మేకు నుంచి విప్పి, పళ్లెమంత వెడల్పు చుట్టగా వదులుగా వేలాడదీస్తే మైనస్ 22.1 అయింది. వైరు కొసను మాత్రం మీరు ఊడదీయకండి. దాని లోపలికి కంటితో చూడకండి, ఆ వెలుతురు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

కార్తీక మార్గశిర మాసాల్లో మన తీరానికి వాయుగుండాలు వచ్చినప్పుడు స్తంభాల మీది జాయింట్ పెట్టెల్లోకి నీరు దిగడం, గాలికి వైరు రాపిడి పడడం మామూలే. వాన వచ్చినప్పుడల్లా ఆ అంకె దిగజారుతుంటే రెండు మూడు రోజులు రాసి చూపించండి. “నెట్ స్లోగా ఉంది” అని ఫిర్యాదు చేస్తే రూటరును ఒకసారి ఆపి మళ్లీ పెట్టమంటారు, “రాత్రి తొమ్మిదికి మీ మొదటి యంత్రానికి పంపిన 300 ప్యాకెట్లలో 14 పోయాయి, ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 27.4 ఉంది” అని చెబితే మనిషిని పంపిస్తారు.

కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ అర సెకనులో రూటరు ఆగి మళ్లీ మొదలైతే, ర్యాంకు ఆట రెండు మూడు నిమిషాలు చేజారుతుంది. రూటర్ల కోసం దొరికే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. అడాప్టరు మీద రాసిన వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతకు తక్కువ కాకూడదు.

మార్చినా మారనివి

డీఎన్ఎస్ మార్చితే పింగ్ తగ్గుతుందని వీడియోల్లో చెబుతుంటారు. డీఎన్ఎస్ పేరును చిరునామాగా మార్చి ఇస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. ఆట మొదలైన తరువాత దారిలో దానికి చోటు లేదు. లాగిన్ కావడానికి ఎక్కువసేపు పడుతుంటే మార్చి చూడవచ్చు. విండోస్ రిజిస్ట్రీలో టీసీపీ (చేరిందో లేదో సరిచూసుకుంటూ డేటా పంపే పద్ధతి) అంకెలు మార్చమని చెప్పే చిట్కాలు కూడా అంతే. షూటింగ్ ఆటల్లో కదలికలూ తూటాలూ సాధారణంగా యూడీపీ (అలా సరిచూసుకోకుండా వెంటవెంటనే పంపే పద్ధతి) మీద పోతాయి కాబట్టి, టీసీపీ కోసం చేసిన మార్పులు వాటిని తాకవు. ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండవచ్చో చెప్పే అంకె) విషయమూ దాదాపు ఇదే. లాగిన్ పేరుతో కలిసే లైన్ల మీద అది 1492 ఉండాలి, ఎక్కువ రూటర్లు తామే పెట్టుకుంటాయి, ఆట ప్యాకెట్లు దానికన్నా ఎంతో చిన్నవి.

పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివారు మన కంప్యూటరుకు చేరేటట్టు రూటరులో దారి తెరవడం) చేసేముందు రూటరు పేజీలో వాన్ (WAN, బయటి నెట్ వైపు) చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతున్నట్టయితే, కంపెనీ వారు ఎన్నో ఇళ్లకు ఒకే బయటి చిరునామాను పంచుతున్నారని అర్థం. అప్పుడు మీరు ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ రాలేరు. కంపెనీ సర్వర్ల మీద నడిచే వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ పోటీలకు దానితో పని లేదు. స్నేహితుల కోసం మీ ఇంట్లోనే సర్వరు నడిపేవారు మాత్రమే నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత బయటి చిరునామా) తీసుకోవాలి. పింగ్ తగ్గుతుందని ఎవరైనా చెబితే దానికి డబ్బు పెట్టకండి. పింగ్ బూస్టర్ యాప్‌లు ఎక్కువ భాగం వీపీఎన్‌లే (మన డేటాను వేరే సర్వరు మీదుగా మళ్లించేవే). మూడవ కిటికీలో దోషం ఉన్నప్పుడు, కంపెనీ దారి చుట్టు తిరుగుతున్నప్పుడు అవి కొంత పనికివస్తాయి, మొదటి రెండు చోట్ల ఉన్న దోషానికి అవి ఏమీ చేయలేవు.

ఆట లోపలి సెట్టింగుల్లో ఒకటి మాత్రం తెలుసుకోదగినది. వాలొరెంట్‌లో నెట్‌వర్క్ బఫరింగ్ అని ఒకటి ఉంటుంది, కౌంటర్ స్ట్రైక్ 2 లోనూ ఒకటి రెండు ప్యాకెట్లను నిల్వ ఉంచుకునే అటువంటి ఏర్పాటు ఉంది. లైను నిలకడగా ఉంటే కనిష్ఠంలో ఉంచండి. సరిచేసుకోలేని జిట్టర్ ఉన్నవారు ఒక మెట్టు పెంచితే కొద్దిపాటి ఆలస్యానికి బదులుగా బొమ్మలు దూకడం తగ్గుతుంది.

ఫైబరు రాని ఊళ్లలో

ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట పల్లెల్లో ఫోను సిమ్ మీదే ఆడేవారు చాలామంది ఉన్నారు. వారికి పై పద్ధతులన్నీ వర్తించవు గానీ, చేయదగినవి ఉన్నాయి. ఫోను గురించి అన్న చోట సిమ్ స్థితిలో సిగ్నల్ బలం డీబీఎంలో కనిపిస్తుంది. మైనస్ 90 చుట్టుపక్కల ఉంటే మంచిది, మైనస్ 110 దాటితే ఆటకు పనికిరాదు. ఇల్లంతా తిరిగి, డాబా మెట్ల దగ్గరా కిటికీ దగ్గరా చూసి, ఎక్కడ బాగుందో అక్కడ కూర్చోండి. 5జీ ఉన్నా అది బలహీనంగా ఉండి, ఫోను మాటిమాటికీ 4జీకి దిగి మళ్లీ ఎక్కుతుంటే, ప్రతి మార్పుకూ ఆట ఆగుతుంది; అటువంటి చోట 4జీకి కట్టివేయడమే నయం. ఫోను నుంచి కంప్యూటరుకు నెట్ ఇచ్చేటప్పుడు హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ వైరుతో టెథరింగ్ చేస్తే వైఫై ఊగిసలాట పూర్తిగా తప్పుతుంది.

అన్నీ చేసిన తరువాత కూడా మూడవ కిటికీ మాత్రమే రాత్రిళ్లు ఎగురుతుంటే, ఆ దోషం మీ చేతిలో లేదు, కేబుల్ నెట్ ఆయన చేతిలో కూడా ఉండకపోవచ్చు. కంపెనీ మారాలనుకుంటే వెంటనే డబ్బు కట్టకండి. మీ వీధిలో ఆ రెండో కంపెనీ నెట్ వాడుతున్న ఇల్లు చూసుకుని, రాత్రి తొమ్మిదింటికి వారిని అడిగి ల్యాప్‌టాప్‌ను వారి రూటరుకు కేబులుతో కలిపి, అవే మూడు కిటికీలు అయిదు నిమిషాలు నడిపించండి. ఆ అంకెలను మీ పుస్తకంలో మీ ఇంటి అంకెల పక్కన రాసి చూశాకే ఏడాది ప్లాన్ తీసుకోండి.